వంద కేబీలో పదకొండో మనిషి

ఆగండి. చేతిలో ఏం పనున్నా కాసేపు పక్కన పెట్టి ఇలా కూర్చోండి. ఇది వినాల్సిన సంగతి. ఒక మనిషి ప్రాణం వంద కేబీ మీద నిలబడ్డ రోజు సంగతి. వంద కేబీ అంటే ఎంత? అప్పటి ఫోన్లలో రెండు చిన్న ఫొటోలు పంపితే హుష్ కాకి. అంత కాస్త డేటాని రాజమండ్రి నుంచి రాజోలు దాకా, బస్సులోనూ, స్కూటర్ మీదా, చిల్లుకుండలో నీళ్ళు మోసినట్టు మోసుకెళ్ళినవాడి పేరు ఏజెంట్ మంగరాజు.

రెండువేల ఏడు, ఆగస్టు నెల. హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసు. మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. యాభై ఒక్కేళ్ళ మంగరాజు మెట్లెక్కి పైకి చేరేసరికి కుడి మోకాలు కలుక్కుమంది. జేబులో లీవ్ లెటర్ ఉంది. నాలుగు నెలల్నించీ ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది కూడా.

చీఫ్ ఉమామహేశ్వరి తల ఎత్తలేదు.

"కూర్చోండి మంగరాజు గారూ. రేపు పొద్దున్న కోనసీమ వెళ్ళాలి."

"మేడమ్, లీవ్..."

"వచ్చాక. వినండి. అమలాపురంలో ఒక మ్యాన్‌పవర్ కంపెనీ ఉంది. గల్ఫ్ ఉద్యోగాలకి మనుషుల్ని పంపిస్తుంది. పైకి అంతా సవ్యమే. వెనకాల నడిపేది ఒక విదేశీ ముఠా. కోడ్ నేమ్ ఆర్కిడ్. రేపు సాయంత్రం ఇక్కడి ఎయిర్‌పోర్ట్ నుంచి పదకొండుమందిని పంపుతున్నారు. అందరూ ఆలమూరు, కొత్తపేట, కపిలేశ్వరపురం చుట్టుపక్కల వాళ్ళు. అక్కడ ఒక పోర్టులో పని. పదిమంది అసలువాళ్ళు. ఒకడు ఆర్కిడ్ ఏజెంట్."

"పోర్టులో వాడికేం పని?"

"మన నేవీ షిప్పులు ఆగే పోర్టు. క్రేన్ ఎక్కి కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో మీకు నేను చెప్పాలా?"

మంగరాజు చెప్పొద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "ఆ ఒకడు ఎవడు?"

"తెలీదు. మన కోనసీమ మనిషి పాస్‌పోర్ట్‌కి అచ్చుగుద్దినట్టు నకలు తీసి, ఫొటో మార్చి, వాడి చేతికిచ్చారు. పేపర్లు పర్ఫెక్ట్. అసలు మనిషిని రాజోలు దగ్గర ఎక్కడో దాచారు. నకిలీవాడు ఎయిర్‌పోర్ట్ దాటగానే..." చీఫ్ పెన్ను మూత పెట్టింది. "ఒకే పేరుతో లోకంలో ఇద్దరు తిరగకూడదు కదా."

"పదకొండుమందినీ ఆపేస్తే?"

"వాళ్ళని కనిపెట్టుకుని ఆర్కిడ్ మనిషొకడు అక్కడే నిలబడి ఉంటాడు. ఆపగానే రాజోలుకి కబురెళ్తుంది. దాటినా చంపుతారు, దొరికినా సాక్ష్యం ఉండకుండా చంపుతారు. ముందు రాజోల్లో మనిషిని విడిపిస్తే, వీడు ఎయిర్‌పోర్ట్ నుంచే మాయమైపోతాడు. రెండూ ఒక్క నిమిషంలో జరగాలి. అక్కడ మన మనిషి ఉంది. యామిని. ఆ కంపెనీలో మేనేజర్. ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటోంది."

"మన మనిషేనా?"

"అదీ రేపే తెలుస్తుంది. నకిలీవాడి ఫొటో సంపాదించింది. మీకిస్తుంది. మీరు నాకు పంపాలి."

ఇంతదాకా బాగానే ఉంది. అసలు కష్టం ఇప్పుడు చెప్పింది చీఫ్. అమలాపురంలో ఫోన్లన్నీ కలిపే స్విచ్ రూములో ఆర్కిడ్ మనిషొకడు ఉద్యోగిగా చేరి కూర్చున్నాడు. కాల్ చేస్తే వింటాడు. ఎస్సెమ్మెస్ ఇస్తే చదువుతాడు. డిపార్ట్‌మెంట్ నంబర్లన్నీ వాడి దగ్గరున్నాయి, కాబట్టి ఎస్టీడీ బూత్ కూడా పనికిరాదు. ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ ఒక్కటే వాడు చదవలేడు. కానీ ఏ ఫోను ఎంత డేటా వాడిందో కౌంటర్ మీద కనిపిస్తుంది. ఫోన్లో నెట్ చూసేవాళ్ళు కోనసీమ మొత్తం మీద ఇంకా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. బయట ఊరి సిమ్ ఒకటి వచ్చి, ఒక్క రోజులో వంద కేబీ దాటిందంటే వాడి స్క్రీన్ మీద ఎర్ర గీత పడుతుంది. ఆ పైన రాజోల్లో దాచిన ఆ పదకొండో మనిషి ఉండడు.

"వంద కేబీ," అన్నాడు మంగరాజు.

"ఫొటో ముప్ఫై ఎనిమిదే. హాయిగా సరిపోతుంది."

హాయిగా అనే మాట వినగానే అతనికి భయం వేసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆ మాట చెప్పి పంపిన పని ఒక్కటీ హాయిగా జరగలేదు.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి రాజమండ్రిలో అమలాపురం బస్సెక్కాడు. మెడికల్ రిప్రజెంటేటివ్ వేషం. నలిగిన టై, తోలు బ్యాగు, బ్యాగులో దగ్గు మందు శాంపిళ్ళు. వేషానికి పెద్దగా కష్టపడలేదు. ఆ అలసట మొహం అతనికి సొంతమే.

ఫోను మాత్రం టెక్నికల్ వింగ్ వాళ్ళిచ్చిన లేటెస్ట్ మోడల్. అబ్బో, ఎన్ని సోకులో! ఎక్కీ ఎక్కగానే కౌంటర్ చూశాడు. ఆరు కేబీ. ఏమీ చెయ్యకుండానే ఆరు కేబీ! ఫొటోలు రాకుండా ఇమేజెస్ ఆఫ్ చేశాడు. మెయిల్ మొత్తం కాకుండా హెడ్డర్ మాత్రమే వచ్చేట్టు పెట్టాడు. అప్‌డేట్లన్నీ ఆపాడు. అయినా తెర మీద మబ్బు బొమ్మొకటి ఉంది, వాతావరణం చెప్పేది. అది మాత్రం ఆగదు. బస్సు జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కేసరికి టవర్ మారింది, మబ్బు బొమ్మ మేల్కొని కొత్త టవర్‌తో పలకరింపులు చేసి పదకొండు కేబీ మింగేసింది. 'వర్షం పడవచ్చు' అని చెప్పింది. కిటికీలోంచి చినుకులు అప్పటికే అతని భుజం మీద పడుతున్నాయి.

రావులపాలెంలో ఇంకో టవర్. మరో పది. మొత్తం ఇరవై ఏడు.

ఇహ లాభం లేదని ఫోను వెనక మూత తీసి, బ్యాటరీ ఊడబెరికి చొక్కా జేబులో వేసుకున్నాడు. డిపార్ట్‌మెంట్ అంతా తలలు బద్దలుకొట్టుకుని కొన్న ఫోన్లో పనికొచ్చిన సదుపాయం అదొక్కటే.

కొత్తపేటలో ఆమె ఎక్కింది. బండారులంక చీర, నెమలికంఠం రంగు. నల్ల కళ్ళద్దాలు. బస్సంతా ఒక్కసారి సర్దుకుని కూర్చుంది. కండక్టర్ టిక్కెట్టు చింపడం మరిచిపోయాడు. ఆమె తిన్నగా వచ్చి మంగరాజు పక్కన ఆగింది.

"ఈ బస్సు పాత పోస్టాఫీసు మీంచి వెళ్తుందాండీ?"

కోడ్ అది. "పోస్టాఫీసు ఎత్తేశారండి. బస్సే మిగిలింది," అన్నాడు మంగరాజు.

యామిని కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పెదవులు కదిలీ కదలనట్టు అంది. "బ్లూటూత్ ఆన్ చెయ్యండి. దానికి డేటా అవ్వదు."

"బ్యాటరీ పెడితే మబ్బొస్తుంది."

"ఏంటి?"

"ఏం లేదు. సిమ్ తీసేసి పెడతాను. ఉండండి."

సిమ్ తీసి, బ్యాటరీ పెట్టి, బ్లూటూత్ కలిపాడు. ముక్కామల దాటేలోపు ఫొటో వచ్చేసింది. ముప్ఫై ఏళ్ళ మనిషి, కోల మొహం, మీసం, నుదుట బొట్టు. ఎవరో ఒకరి బావమరిదిలా ఉన్నాడు.

"వీడికి ఎనిమిది నెలలు తెలుగు నేర్పించేరు," అంది యామిని. "వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. ఏ పేరు మీద వెళ్తాడో నాకూ చెప్పలేదు. కాగితాలు ఎయిర్‌పోర్ట్‌లోనే చేతికిస్తారు. దాచిన మనిషి రాజోలు అవతల కొబ్బరి పీచు గోడౌన్లో ఉన్నాడు. నన్ను గడప దాటనివ్వరు. కాపలా బంగారరాజు. సిరంజి సిద్ధంగా ఉంటుంది. స్విచ్ రూములో మనిషి మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పని ముగించేస్తాడు. ఒక్క రింగు."

"వాడి నంబరు?"

ఆమె దగ్గు మందు కవరు వెనక రాసిచ్చింది. "టార్చిలైటు ఫోను. కాల్ వెయిటింగ్ కూడా లేదు."

"మీరు ఎవరి వైపమ్మా?" అని అడిగేశాడు మంగరాజు.

యామిని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. "రెండు చోట్లా అబద్ధాలు చెప్పి చెప్పి నిద్ర పట్టడం మానేసిందండి. నాలుగూ ఇరవైకి ఆ పదకొండుమందీ ఇమిగ్రేషన్ క్యూలో ఉంటారు, నేను గోడౌన్ దగ్గరుంటాను. అంతవరకే చెప్పగలను." బండారులంకలో దిగిపోయింది. అత్తరు వాసన మాత్రం అమలాపురం దాకా టిక్కెట్టు లేకుండా వచ్చింది.

అమలాపురంలో సేఫ్ హౌస్ అంటే దానం గారిల్లు. దానం గారు టెలిగ్రాఫ్ ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరయ్యారు. భార్య మేరీ గారు స్కూల్లో టీచరుగా చేసి మానేశారు. వాళ్ళకి తెలిసిందల్లా ఇది గవర్నమెంటు పని, ఒక ప్రాణం నిలబెట్టే పని అని.

మంగరాజు మళ్ళీ సిమ్ వేసి, బ్యాటరీ మాత్రం పెట్టకుండా, ఫోనూ బ్యాటరీ రెంటినీ బల్ల మీద విడివిడిగా ఉంచాడు. మంచి సిగ్నల్ ఉన్న చోటు వెతికి ఒక్కసారే పెట్టి, ఫొటో పంపి, తీసేద్దామని ఆలోచన. ఈలోగా మేరీ గారు విస్తరి వేశారు. చేపల పులుసు, పనసపొట్టు కూర, పెరుగు. "ఇంకొంచెం వేసుకోండి, ఏవీ తినలేదు మీరు," అని మూడుసార్లు వడ్డించారు. రెండు రాత్రులు నిద్ర లేనివాడు. పది నిమిషాలు నడుం వాల్చాడు.

లేచేసరికి ఒంటిగంటన్నర!

బల్ల మీద ఫోన్ లేదు. హాల్లోకి పరుగెత్తాడు. గోడ పక్కన ప్లగ్గు, ప్లగ్గుకి వైరు, వైరు చివర ఫోను. తెర మీద మబ్బు బొమ్మ నవ్వుతోంది.

"లేచేరాండీ?" మేరీ గారు మజ్జిగ గ్లాసుతో వచ్చారు. "మీ ఫోను ఊడిపోయి ఉందండి, పాపం. బ్యాటరీ ఓ పక్క, మూత ఓ పక్క. నేనే పెట్టి ఛార్జింగులో ఉంచేనండి. ఇప్పుడే కరెంటు పోయింది గానీ, బాగానే ఎక్కింది. అబ్బ, టింగుమని ఎన్నిసార్లు మోగిందో! ఎవరో పెద్ద హోదాలో ఉన్నారీయన అనుకున్నానండి."

కౌంటర్ చూశాడు. ఎనభై అయిదు.

మంగరాజుకి కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త ఓపిక కావాలి. మజ్జిగ తాగి, కుర్చీలో కూలబడ్డాడు. పదిహేను కేబీ ఉంది. ఫొటో ముప్ఫై ఎనిమిది. చిన్నది చేసి చూశాడు. తొమ్మిది కేబీకి తెచ్చేసరికి మొహం పోయి ఆనపకాయ మిగిలింది. దాంతో ఎయిర్‌పోర్ట్‌లో ఎవర్నయినా పట్టుకోవచ్చు, చీఫ్‌తో సహా. నెట్ సెంటరుకి పోదామంటే నాలుగింటి దాకా కరెంటు కోత.

విషయం విన్నాక మేరీ గారు మొహం చేతుల్లో పెట్టుకున్నారు. "నా చేతులతో ఎవర్నో చంపేసేనాండీ?"

"ఇంకా లేదమ్మా. రెండున్నర గంటలుంది."

అంతలో వీధిలోంచి ఎవరో కేకేశారు. "దానం గారూ, భోజనం అయ్యిందాండీ?"

"ఆయ్!" అన్నారు దానం గారు కిటికీలోంచి.

"అమ్మగారు కులాసాయేనాండీ?"

"ఆయ్, కులాసాయేనండి."

"సాయంత్రం మీటింగుకి వస్తారాండీ?"

"ఆయ్!"

మంగరాజు తల మెల్లగా పైకి లేచింది. ఎనిమిది నెలల తెలుగు. వార్తలు చదివినట్టు మాట్లాడేవాడు. పుస్తకాల్లో అన్నీ నేర్పుతారు. కానీ అవునుకి బదులు గోదావరి వాళ్ళనే ఈ 'ఆయ్' ఏ పుస్తకంలో ఉంటుంది? ఇది ఆలోచించుకుని అనే మాట కాదు. అవతలివాడు అడగడం పూర్తవకముందే నోట్లోంచి జారిపోయేది.

"దానం గారూ, టీ తాగేరా అని అడిగితే మీరేమంటారు?"

"ఆయ్ అంటానండి. ఎందుకండి?"

మొహం పంపక్కర్లేదు. మాట పంపితే చాలు! మంగరాజు గబగబా కాగితం మీద రాశాడు. ముప్ఫై నాలుగు మాటలు వచ్చాయి. దానం గారు కళ్ళజోడు పెట్టుకుని చూసి పెదవి విరిచారు.

"ఇంత పొడుగేంటండి? మాటలు కొయ్యడమే నా ఉద్యోగమండి. ఇటివ్వండి." ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసుకుంటూ పోయారు. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో ఇది మిగిలింది: 'ఉమామహేశ్వరి గారూ, పదకొండుమందినీ టీ తాగేరా అనండి. ఆయ్ అననివాడే. నాలుగూ ఇరవై.'

"ఆ 'గారూ' కూడా తీసేద్దాం," అన్నాడు మంగరాజు.

"పైఅధికారండి ఆవిడ! తార్లు కొట్టే రోజుల్లో చావు కబుర్లలో కూడా తియ్యలేదు నేను."

గారూ ఉండిపోయింది. మెయిల్ వెళ్ళింది. ఎన్‌క్రిప్షన్ తాళాలూ చిలుకులూ అన్నీ కలిపి ఏడు కేబీ. తొంభై రెండు. టక్కున బ్యాటరీ తీసేశాడు.

"ఇక బంగారరాజు," అన్నాడు. "నేను లోపలికి వెళ్ళేదాకా అతనికి మిస్డ్ కాల్ అందకూడదు. అంటే ఫోను ఎంగేజ్‌లో ఉండాలి."

"నేను మాట్లాడతానండి," అన్నారు మేరీ గారు.

"ఏం మాట్లాడతారు?"

"మా ఇంటి ఫోన్లోంచి రాంగ్ నంబరు చేస్తానండి."

"స్విచ్ రూములో వాడు వింటాడు."

"విననివ్వండి, రాంగ్ నంబరేగా. ఎంతసేపు మాట్లాడమంటారు?"

"నాలుగుంబావుకి మొదలెట్టి, అయిదు నిమిషాలు. కుదిరితే పది."

మేరీ గారు నొచ్చుకున్నారు. "పది నిమిషాలు మాట్లాడి టక్కున పెట్టేస్తే ఏవనుకుంటారండి అవతలివాళ్ళు?"

దానం గారి స్కూటర్ మీద ఆయనా మంగరాజూ బయల్దేరారు. అంబాజీపేట, గన్నవరం, వైనతేయ పాయ దాటి రాజోలు వైపు. వాన వెలిసింది. దారి పొడుగునా ఎదురొచ్చినవాళ్ళు దానం గారిని పలకరించడం, ఆయన బండి నెమ్మది చేసి జవాబు చెప్పడం. మంగరాజు వెనక కూర్చుని మోకాలు నొక్కుకుంటూ ప్రతి ఆయ్‌నీ లెక్కపెట్టాడు. ఇరవై రెండు. తన ఎత్తు తప్పకపోవచ్చని కొంచెం ధైర్యం వచ్చింది.

నాలుగూ పన్నెండుకి గోడౌన్ వెనక ఉన్నారు. తడిసిన పీచు వాసన. సందులోకి ఒక చిన్న కిటికీ. లోపల ఒక ప్లాస్టిక్ కుర్చీలో బక్కపల్చటి మనిషి, కొత్త చొక్కా, బూట్ల కింద పాలిథిన్ కవరు. ఎదురుగా దుక్కలాంటి వాడొకడు.

"అయ్యప్ప గారూ, నీరసంగా ఉందాండీ?" అన్నాడు దుక్కలాంటివాడు. వాడే బంగారరాజు.

"ఆయ్. పొద్దుటి నుంచీ ఏం తినలేదు కదండీ. మెడికల్ ఎప్పుడు చేస్తారండి? అందరూ వెళ్ళిపోయేరు."

"మీది స్పెషల్ అండి. క్రేనెక్కాలి కదా మీరు."

పదకొండో మనిషి అయ్యప్ప. తను బందీనని కూడా తెలీదు అతనికి. మంగరాజు కళ్ళు మూసుకుని తెరిచాడు.

బంగారరాజు ఫోను మోగింది.

"హలో... కాదండి, రాంగ్ నంబరండి... పర్వాలేదండి... ఆయ్... బంగారరాజునండి... మాది ముక్కామలండి... ఆయ్, చెరువు గట్టున కాదండి, రైసు మిల్లు పక్కన..."

మంగరాజు బ్యాటరీ పెట్టాడు. మబ్బు బొమ్మ లేచింది. కౌంటర్ తొంభై ఆరు.

"...సత్యనారాయణమ్మ గారాండీ? మా నాయనమ్మేనండి! మీకెలా తెలుసండి?... ఓ, మీ స్కూల్లోనే చదివేదాండీ మా మేనత్త?... ఆయ్... నాయనమ్మ లేదండి, పోయింది మొన్న వేసవిలో... చాలా బాధపడిందండి..." బంగారరాజు జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. పక్కనే స్టీలు ట్రేలో సిరంజి మెరుస్తోంది.

నాలుగూ పద్ధెనిమిది. పంతొమ్మిది. ఫోను చిన్నగా వణికింది. హెడ్డర్. ఒక్క కేబీ. సబ్జెక్ట్ లైను మాత్రం కనిపించింది: 'టీ తాగేరా అంటే అవును, సేవించాను అన్నాడు. పట్టుకున్నాం.'

తొంభై ఏడు. మంగరాజు వెనక తలుపు తోశాడు. లోపల గడియ! ఆ గడియ సంగతి యామిని చెప్పలేదు. చెప్పలేదా, చెప్పదలచుకోలేదా? కిటికీ ఎక్కడం మొదలెట్టాడు. యాభై ఒక్కేళ్ళ మోకాలు ఒద్దు మొర్రో అంది. దానం గారు కిందనుంచి భుజం ఇచ్చారు.

అప్పుడే లోపల, "హలో? హలో? అమ్మగారండీ?" లైను కట్టయింది. ఎందుకు కట్టయిందో ఆ తీగలకే తెలియాలి.

మరుక్షణం ఒక్క రింగు.

బంగారరాజు ఫోను వంక చూశాడు. ముక్కు ఇంకోసారి తుడుచుకుని, రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సిరంజి తీశాడు.

"అయ్యప్ప గారూ, మెడికల్ చేసేద్దామండి."

"ఆయ్!" అయ్యప్ప చొక్కా చెయ్యి మడిచి ముందుకి చాపాడు. "ఏ చెయ్యండి? ఎడమదాండీ?"

మంగరాజు నడుం దాకా లోపల ఉన్నాడు, బెల్టు కిటికీ చువ్వకి తగులుకుంది. సూది అయ్యప్ప చర్మానికి జానెడు దూరం. బెత్తెడు.

"బంగారరాజు గారూ!" ముందు తలుపు దగ్గర్నుంచి ఆడగొంతు. "రిపోర్టు మీద మీ సంతకం లేదేవండీ?"

యామిని. గడప దాటి వచ్చేసింది. రెండు జీతాల్లో దేనికి పనిచెయ్యాలో ఆ గడప మీద తేల్చుకున్నట్టుంది.

"ఏ రిపోర్టండి?" బంగారరాజు మర్యాదగా వెనక్కి తిరిగాడు.

బెల్టు తెగింది. మంగరాజు దూకలేదు, పడ్డాడు. సరిగ్గా బంగారరాజు మీదే పడ్డాడు. సూది పీచు మూటలో దిగబడింది. యామిని కొత్త కొబ్బరి తాడు అందుకుని, నాలుగు చుట్లు చుట్టి ముడి వేసింది. "మిమ్మల్ని కూడా కట్టెయ్యడం నా వల్ల కాదు గానీ, కొంచెం లేవండి," అంది మంగరాజుతో.

అయ్యప్పకి అర్థం కావడానికి పావుగంట పట్టింది. అర్థమయ్యాక దానం గారిచ్చిన అరటిపండు అందుకున్నాడు. తరువాత అడిగిన మొదటి మాట:

"అయితే మరి నా ఫ్లైటండీ?"

"ప్రాణం దక్కిందయ్యా బాబూ!" అన్నారు దానం గారు.

"ఆయ్, దక్కిందండి. తమరి దయ. కానీండి..." అతను మంగరాజు వైపు తిరిగాడు. "ఆరేళ్ళు క్రేన్లు తుడిచేనండి కాకినాడలో. గ్రీజు పూసేను, అద్దాలు కడిగేను. ఒక్కసారి కూడా సీట్లో కూర్చోనివ్వలేదు. సర్టిఫికెట్ సొంతంగా సంపాదించేను. ఇదే మొదటి సీటండి నాకు."

యామిని బిస్కట్ల డబ్బాలోంచి అసలు పాస్‌పోర్ట్ తీసి మంగరాజు చేతిలో పెట్టింది. "ఉద్యోగం నిజమే. వీసా నిజమే. నకిలీవాడికి ఇమిగ్రేషన్ స్టాంపు పడకముందే పట్టుకున్నారు, కాబట్టి ఇతని పేరింకా శుభ్రంగానే ఉంది. సోమవారం దాకా టైముంది. టికెట్ నేను మార్పిస్తాను. ఇది ఇతని చేతిలో ఉంటే చాలు."

మంగరాజు పాస్‌పోర్ట్ తిరగేశాడు. ఇది సాక్ష్యం. ఇది పక్కన పెట్టి చూపిస్తేనే ఆ నకలు నకలని కోర్టులో తేలుతుంది. లేకపోతే ఆర్కిడ్ లాయర్ వాణ్ణి ఆరు నెలల్లో బయటికి తెస్తాడు. వాడు ఇంకో ఊళ్ళో ఇంకో అయ్యప్పని వెతుక్కుంటాడు. కానీ సాక్ష్యంగా లాకర్లోకి వెళ్ళిన కాగితం ఎన్నాళ్ళకి బయటికొస్తుందో మంగరాజుకి తెలుసు. పాత కేసులో తీసుకున్న ఒక రైతు డ్రైవింగ్ లైసెన్సు తొమ్మిదేళ్ళయినా రాలేదు. ఆ రైతు ఇప్పుడు లేడు.

ఫోను వణికింది. చీఫ్ దగ్గర్నుంచి ఇంకో హెడ్డర్. 'పాస్‌పోర్ట్ విషయం. వెంటనే తెరిచి చదవండి.' సైజు ఆరు కేబీ.

కౌంటర్ తొంభై ఎనిమిది. స్విచ్ రూములో మనిషిని పట్టుకోవడానికి టీమ్ రేపు తెల్లారి గానీ అమలాపురం చేరదు. తన గుట్టు బయటపడిందని తెలీదు కాబట్టి, అంతదాకా వాడు తన కుర్చీలోనే కూర్చుని, కౌంటర్ల వంక చూస్తూ ఉంటాడు. ఎర్ర గీత పడిందా, రాత్రికి రాత్రే గాయబ్. అంటే మెయిల్ తెరవకపోవడానికి రూలు ప్రకారమే మంచి కారణం ఉంది. లోపల ఏం రాసుంటుందో ఊహించడానికి మాత్రం ఒక్క కేబీ కూడా అక్కర్లేదు.

అయ్యప్ప చెయ్యి చాపలేదు. అడగలేదు కూడా. అరటిపండు ఒలుచుకుంటూ, తినకుండా, పాస్‌పోర్ట్ వంక చూస్తున్నాడు. మంగరాజు బొటనవేలు బటన్ మీద ఆగింది. ఒంట్లో ఓపిక లేదు, ఫోన్లో డేటా లేదు, రెండోదాన్ని మాత్రం రిపోర్టులో కారణంగా రాసి సంతకం పెట్టవచ్చు.

మీరే చెప్పండి. అతని చోట మీరుంటే ఆ మెయిల్ తెరిచేవారా? లేకపోతే పాస్‌పోర్ట్ అయ్యప్ప చేతిలో పెట్టేసి, "డేటా అయిపోయిందండి, మెయిల్ చూడలేదు," అనేవారా?